అర్బన్ ఫాంటసీలో ఏ సిరీస్‌తో మొదలెట్టాలి? జీవిని చూసి కాదు, రూల్స్ చూసి ఎంచుకోండి

అర్బన్ ఫాంటసీ అంటే మనం చూసే ఊళ్లల్లోనే మ్యాజిక్, వ్యాంపైర్లు, వేర్‌వుల్ఫ్‌లు (తోడేళ్లుగా మారే మనుషులు) తిరిగే కథలు. ఇవి చదువుదామనుకునేవాళ్లు సాధారణంగా అడిగేది "వ్యాంపైర్లున్న మంచి సిరీస్ ఏదైనా చెప్పండి" అనో, "వేర్‌వుల్ఫ్‌ల మీద ఏమున్నాయి" అనో. అలా అడిగితే మీకు నచ్చే పుస్తకం దొరకడం కష్టం. ఎందుకంటే ఈ జానర్‌లో పేరున్న పెద్ద సిరీస్‌లలో దాదాపు అన్ని రకాల జీవులూ తగుల్తాయి, పైగా ఒకే పేరున్న జీవి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. డ్రెస్డెన్ ఫైల్స్‌లో వ్యాంపైర్లలోనే ముఖ్యమైనవి మూడు వర్గాలు, వాటిలో ఒక వర్గం రక్తం జోలికి పోకుండా మనుషుల కోరికల్నీ భావోద్వేగాల్నీ పీల్చుకుని బతుకుతుంది. కేట్ డేనియల్స్ సిరీస్‌లో వ్యాంపైర్‌కి అసలు బుద్ధే ఉండదు, అదొక శవం, ఎక్కడో గదిలో కూర్చున్న మనిషి దాన్ని తన మనసుతో నడుపుతుంటాడు, ఆ శవం నోటితో తనే మాట్లాడతాడు. మెర్సీ థాంప్సన్‌లో ఒక వ్యాంపైర్ పిల్లల కార్టూన్‌లోని వ్యాన్ లాగా రంగులేయించిన పాత ఫోక్స్‌వ్యాగన్ బస్సులో తిరుగుతాడు, కథానాయికకి మంచి స్నేహితుడు కూడా.

అందుకే ఏ జీవి ఉందన్నది పక్కన పెట్టి, ఆ జీవులు మనుషుల మధ్య ఏ షరతుల మీద బతుకుతున్నాయో చూడండి. ఒక పుస్తకం మీకు నచ్చడం, నచ్చకపోవడం చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ముందుగా ఏం చూసుకోవాలి

అన్నిటికన్నా ముఖ్యమైంది, ఆ లోకంలో మామూలు జనానికి ఇదంతా తెలుసా తెలియదా అన్నది. తెలియదంటే కథంతా దాచడం మీద నడుస్తుంది: పోలీసు రిపోర్టులో ఏం రాయాలి, చూసినవాళ్లకి ఏం చెప్పాలి, స్నేహితుల దగ్గర ఎంతకాలం అబద్ధమాడాలి. తెలుసంటే కథ చట్టాలు, హక్కులు, భయాలు, పక్షపాతాల వైపు తిరుగుతుంది, వేర్‌వుల్ఫ్ అని తెలిశాక పక్కింటివాళ్లు ఎలా చూస్తారన్నది కూడా కథలో భాగమవుతుంది. మొదటి రకంలో సస్పెన్స్ ఎక్కువ, రెండో రకంలో సమాజం ఎక్కువ. నాకు రెండూ ఇష్టమే, కానీ ఒకటి ఆశించి ఇంకొకటి పట్టుకుంటే మాత్రం నూరు పేజీలకే విసుగొస్తుంది.

రెండోది మ్యాజిక్‌కి ఏం మూల్యం చెల్లించాలి అన్నది. హీరో చెయ్యి ఊపగానే సమస్య తీరిపోతే ఇక చదవడానికేముంది? మంచి సిరీస్‌లన్నీ ఇక్కడ గట్టిగా ఆలోచించాయి, ఆ ఆలోచనలోంచే వాటి రుచి పుట్టింది.

మూడోది పొడవు, ముగింపు. ఇక్కడ చాలామంది మొహమాటపడతారు కానీ ఇది నిజంగా అడగాల్సిన ప్రశ్నే. పదిహేడు పుస్తకాలు చదివాక కూడా కథ పూర్తవదని ముందే తెలిస్తే కొంతమంది మొదలే పెట్టరు, అందులో తప్పేం లేదు.

నాలుగోది ప్రేమకథ పాలు. అర్బన్ ఫాంటసీనీ పారానార్మల్ రొమాన్స్‌నీ దుకాణాల్లో, వెబ్‌సైట్లలో ఒకే అరలో పెట్టేస్తుంటారు. తేడా పట్టుకోవడానికి ఒక చిన్న పద్ధతుంది. వెనక అట్ట మీద రాసినదాంట్లోంచి ప్రేమకథని తీసేసి చూడండి. ఇంకా ఒక కేసో, ఒక యుద్ధమో, ఒక రహస్యమో మిగిలితే అది అర్బన్ ఫాంటసీ. ఏమీ మిగలకపోతే రొమాన్స్.

ఇంకోటి, కథ చెప్పే గొంతు. ఈ జానర్‌లో ఎక్కువ పుస్తకాలు 'నేను' అంటూ ఒక్కరే చెప్పుకుపోయే కథలు. ఆ మనిషి మాటతీరు మీకు పడకపోతే లోకం ఎంత బాగున్నా ముందుకెళ్లలేరు, కాబట్టి కొనేముందు శాంపిల్ అధ్యాయం తప్పకుండా చదవండి. వీటితోపాటు హింస, లైంగిక హింస ఎంతవరకు ఉన్నాయో కూడా తెలుసుకోవాలి, అవి ఎక్కడెక్కడున్నాయో ఆయా పుస్తకాల దగ్గర చెప్తాను.

డ్రెస్డెన్ ఫైల్స్: ఊపు కావాలంటే ఇది, కాకపోతే ఓపిక పట్టాలి

జిమ్ బుచర్ రాసిన ఈ సిరీస్ 2000లో 'స్టార్మ్ ఫ్రంట్'తో మొదలైంది. హ్యారీ డ్రెస్డెన్ షికాగోలో ప్రైవేట్ డిటెక్టివ్, టెలిఫోన్ డైరెక్టరీలో 'మాంత్రికుడు' అని పేరు వేయించుకున్నవాడు. అయినా జనం నమ్మరు, నవ్వుకుంటారు. ఈ లోకంలో మ్యాజిక్ ఎవరి కళ్లకీ గంతలు కట్టదు, మనుషులే చూసినదాన్ని కాదనుకుని సర్దిచెప్పుకుంటారు.

ఇక్కడి మూల్యం నాకు చాలా ఇష్టం. మాంత్రికుడి దగ్గర కరెంటుతో, కొత్త టెక్నాలజీతో నడిచే ఏ వస్తువూ ఎక్కువ రోజులు బతకదు. దాంతో హ్యారీ బేస్‌మెంట్ ఇంట్లో కొవ్వొత్తులు వెలిగించుకుంటాడు, ఐస్ పెట్టె వాడతాడు, గీజర్ ఎలాగూ నిలవదు కాబట్టి షికాగో చలికాలంలో కూడా చన్నీళ్లతోనే స్నానం చేస్తాడు. ఊరినే కాపాడగలిగినవాడికి ఇంట్లో వేడినీళ్లు లేవు. ఈ ఒక్క వివరం అతని దరిద్రాన్ని, మొండితనాన్ని, ఒంటరితనాన్ని చెప్పేస్తుంది, రచయిత వేరే వర్ణన చెయ్యక్కర్లేదు.

మొదటి రెండు పుస్తకాలు మాత్రం మిగతావాటి స్థాయిలో ఉండవు. ప్లాట్లు బాగానే ఉంటాయి, రెండో పుస్తకం 'ఫూల్ మూన్'లో తోడేలుగా మారేవాళ్లలో నాలుగు రకాలు చూపించడం సరదాగా ఉంటుంది, కానీ మనుషులు పల్చగా అనిపిస్తారు. ఆడవాళ్లు కనబడగానే హ్యారీ చూపు వాళ్ల శరీరం మీదికి వెళ్లడం, మర్యాద పేరుతో వాళ్ల దగ్గర నిజాలు దాచడం చాలామందికి చిరాకు తెప్పిస్తాయి. ఈ ఫిర్యాదు న్యాయమైనదే. ఆ చూపు తర్వాత కూడా పూర్తిగా పోదు, కథ బలం ముందు కాస్త వెనక్కి తగ్గుతుందంతే. మూడో పుస్తకం 'గ్రేవ్ పెరిల్'తో అసలు పెద్ద కథ మొదలవుతుంది, నాలుగోది 'సమ్మర్ నైట్'కి వచ్చేసరికి సిరీస్ తన నడక తాను పట్టుకుంటుంది. అక్కణ్ణుంచి ప్రతి పుస్తకంలో జరిగినదానికీ తర్వాతి పుస్తకంలో ఫలితం ఉంటుంది, పోయినవాళ్లు పోయినట్టే, తగిలిన దెబ్బలు తగిలినట్టే. ఇంత పొడవైన సిరీస్‌లో అలా నిలబెట్టుకోవడం మామూలు విషయం కాదు.

నా సలహా: ఓపికుంటే మొదటినుంచీ చదవండి, లేకపోతే మూడోదానితో మొదలెట్టండి, తొలి రెండు కేసులు చాలావరకు వాటిలోనే ముగిసిపోతాయి కాబట్టి పెద్ద నష్టం లేదు. 2014 తర్వాత ఆరేళ్లు ఆగి, 2020లో కొద్ది నెలల తేడాతో రెండు పుస్తకాలు వచ్చాయి, అప్పటికి మొత్తం 17. కథ ఇంకా పూర్తికాలేదు.

రివర్స్ ఆఫ్ లండన్: తీరిగ్గా చదువుకునేవాళ్లకి

బెన్ ఆరనోవిచ్ 2011లో మొదలుపెట్టిన సిరీస్. అమెరికాలో మొదటి పుస్తకానికి 'మిడ్‌నైట్ రయట్' అని వేరే పేరు పెట్టారు, రెండూ వేరే పుస్తకాలనుకుని కొనెయ్యకండి. పీటర్ గ్రాంట్ లండన్ పోలీసు కానిస్టేబుల్, కొత్తగా చేరినవాడు. కోవెంట్ గార్డెన్‌లో హత్య జరిగిన చోట చలిలో కాపలా కాస్తుంటే సాక్షి ఒకడు ముందుకొస్తాడు, తీరా చూస్తే ఆ సాక్షి దయ్యం. పీటర్ భయపడి పారిపోడు, పద్ధతిగా వాంగ్మూలం తీసుకుంటాడు. సిరీస్ స్వభావమంతా ఆ ఒక్క సీన్‌లోనే ఉంది.

ఇక్కడ మ్యాజిక్ రహస్యం, కానీ ఎవరూ ప్రాణాలడ్డుపెట్టి దాచే రహస్యం కాదు, పై అధికారులకి తెలుసు, వాళ్లకి దాని గురించి మాట్లాడటం ఇష్టం ఉండదు అంతే. పీటర్‌కి గురువు నైటింగేల్, లండన్ పోలీసుల్లో మ్యాజిక్ విభాగమంటే అప్పటిదాకా ఆయనొక్కడే. వాళ్ల నివాసం రస్సెల్ స్క్వేర్‌లోని పాత భవనం. పీటర్ మంత్రాలు నేర్చుకుంటూనే వాటి మీద ప్రయోగాలు చేస్తాడు. మంత్రం వేసినప్పుడు దగ్గర్లోని ఫోన్ చిప్పు పొడిపొడి అయిపోతుందని కనిపెట్టి, ఎంత దూరంలో పెడితే బతుకుతుందో కొలిచి చూస్తాడు. "ఇదెలా పనిచేస్తోంది?" అని అడక్కుండా ఉండలేని పాఠకులకి ఇంతకన్నా మంచి హీరో దొరకడు.

ఇంకా అందమైన విషయం నదులు. థేమ్స్‌కీ దాని ఉపనదులకీ మనుషుల రూపంలో దేవతలుంటారు, వాళ్లకి వాటాల గొడవలుంటాయి. మామా థేమ్స్ నైజీరియా నుంచి వచ్చిన ఆవిడ, పీటర్ తల్లిది సియెర్రా లియోన్. లండన్ అంటే ఈరోజు ఎవరెవరో కలిసి బతికే ఊరు అన్న సంగతి ఇందులో ప్రసంగంలా రాదు, పాత్రల పేర్లలో, మాటల్లో, ఇళ్లల్లో కనిపిస్తుంది.

లోటుపాట్లు కూడా ఉన్నాయి. కేసు చిక్కుముడి విప్పే చోట్ల స్పష్టత తక్కువ, ఒక్కోసారి చివరి అధ్యాయం వెనక్కి తిప్పి చదువుకోవాల్సి వస్తుంది. భవనాల చరిత్ర, వీధుల చరిత్ర మధ్యమధ్యలో చాలా వస్తుంది, నాకది విందు, కథ పరిగెత్తాలనుకునేవాళ్లకి అడ్డం. రెండో పుస్తకంలో మొదలైన ప్రధాన విలన్ కథ 2018లో వచ్చిన ఏడో నవల 'లైస్ స్లీపింగ్'లో ముగుస్తుంది, కాబట్టి ఏడు చదివి ఆగిపోయినా తృప్తిగానే ఉంటుంది. పదో నవల 2025లో వచ్చింది. మధ్యలో నవలికలు, కామిక్స్ కూడా ఉన్నాయి, కొన్ని పాత్రలు వాటిలోంచి నవలల్లోకి నడిచొస్తాయి. అవి చదవకపోయినా కథ తెగదు, ఒకటి రెండు చోట్ల "వీళ్లెవరు?" అనిపిస్తుంది. బ్రిటిష్ పోలీసు యాస కూడా మొదట్లో కాస్త కష్టపెడుతుంది, రెండో పుస్తకానికి అలవాటైపోతుంది.

మెర్సీ థాంప్సన్: చిన్న శక్తి, చిన్న ఊరు

పాట్రిషియా బ్రిగ్స్ సిరీస్, మొదటిది 'మూన్ కాల్డ్', 2006. మెర్సీ కార్ల మెకానిక్, కయోటీగా (తోడేలు కన్నా చిన్నదైన అమెరికా అడవి జంతువుగా) మారగలదు. వేర్‌వుల్ఫ్‌ల మధ్య పెరిగింది, పక్కింట్లోనే వేర్‌వుల్ఫ్‌ల నాయకుడున్నాడు. బలంలో వాళ్ల ముందు ఆమె ఏ మూలకీ రాదు. అందుకే ప్రతి గండంలోనూ బుర్ర వాడాలి, పరిచయాలు వాడాలి, అవసరమైతే పరిగెత్తాలి. శక్తిమంతుల మధ్య బలహీనురాలు ఎలా నెగ్గుకొస్తుందన్నదే ఈ సిరీస్‌కి ప్రాణం.

ఫే జాతివాళ్లు (యూరప్ జానపద కథల్లోని మాయా జీవులు) ఇక్కడ ఎప్పుడో జనం ముందు బయటపడ్డారు, ప్రభుత్వం వాళ్లకి విడిగా నివాస ప్రాంతాలు కేటాయించింది. మెర్సీకి గరాజ్ అమ్మిన ముసలాయన జీ కూడా ఫేనే. వేర్‌వుల్ఫ్‌లు బయటపడాలా వద్దా అని తేల్చుకుంటున్నారు, వ్యాంపైర్లు పూర్తిగా చీకట్లోనే ఉన్నారు. బయటపడ్డవాడికీ, పడాల్సినవాడికీ, పడనివాడికీ ఒకే ఊళ్లో ఎదురయ్యే ఇబ్బందులు పక్కపక్కనే కనిపిస్తాయి. పైగా ఆ ఊరు న్యూయార్క్, లండన్ లాంటిది కాదు, వాషింగ్టన్ రాష్ట్రంలోని ట్రై సిటీస్. అందరికీ అందరూ తెలిసిన చోట రహస్యం దాచడం మహానగరంలో దాచడం కన్నా కష్టమని ఈ సిరీస్ చదివితే బాగా అర్థమవుతుంది.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. 2008లో వచ్చిన మూడో పుస్తకం 'ఐరన్ కిస్డ్'లో లైంగిక దాడి ఉంది. రచయిత్రి దాన్ని ఒక మలుపుగా వాడి వదిలెయ్యలేదు, దాని తాలూకు భయం, వణుకు తర్వాతి పుస్తకాల్లో కూడా మెర్సీని వెంటాడతాయి. బాధ్యతగా రాశారు. అయినా చదవలేమనుకునేవాళ్లు ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే మొదటి రెండు పుస్తకాల టోన్ చూసి అలాంటిది వస్తుందని ఎవరూ ఊహించరు.

ఏ కేసు ఆ పుస్తకంలోనే ముగుస్తుంది కాబట్టి ఎక్కడైనా ఆగొచ్చు. ప్రేమకథ ఉంది, నెమ్మదిగా పెరుగుతుంది, కేసుని మింగెయ్యదు. 2024 నాటికి 14 పుస్తకాలు.

కేట్ డేనియల్స్: పూర్తయిన కథ కావాలంటే

ఇలోనా ఆండ్రూస్ అనేది భార్యాభర్తలిద్దరూ కలిసి రాసే పేరు. 'మ్యాజిక్ బైట్స్' 2007లో వచ్చింది, పదో పుస్తకం 'మ్యాజిక్ ట్రయంఫ్స్' 2018లో వచ్చి కథ ముగిసింది.

ఈ లోకం మిగతావాటిలా మనదే అయివుండి కాస్త పక్కకి జరిగింది కాదు, కూలిపోయి మళ్లీ లేచింది. మ్యాజిక్ అలలు అలలుగా వస్తుంది. అల వచ్చినప్పుడు కరెంటు పోతుంది, తుపాకీ పేలదు, కారు కదలదు. అల పోగానే మంత్రాలు చచ్చిపడి బల్బులు వెలుగుతాయి. ఎప్పుడు ఏది ఉంటుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఇళ్లల్లో రెండు రకాల దీపాలుంటాయి, రోడ్ల మీద రెండు రకాల బళ్లుంటాయి. ఎత్తైన భవనాల్ని మ్యాజిక్ కొరుక్కు తినేసింది, అట్లాంటా ఆకాశహర్మ్యాలు శిథిలాలైపోయాయి. పోరాటం మధ్యలో అల మారితే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ టెన్షన్‌ని రచయితలు బాగా వాడుకున్నారు.

మొదటి పుస్తకం బలహీనం. లోకాన్ని వివరించకుండా మనల్ని నడిమధ్యలో పడేస్తుంది, కేట్ అందరితోనూ అనవసరంగా గొడవ పెట్టుకుంటుంది, ఎందుకో అప్పుడు అర్థం కాదు. మూడో పుస్తకం 'మ్యాజిక్ స్ట్రైక్స్' దాకా వెళ్లి నిర్ణయించుకోండి. అప్పటికి ఆమె ఏం దాస్తోందో, ఎందుకు ఎవర్నీ దగ్గరికి రానివ్వదో తెలుస్తుంది. డ్రెస్డెన్‌లో లాగా ఇక్కడ మొదటి రెండూ వదిలెయ్యమని మాత్రం చెప్పను, ఎందుకంటే ఇక్కడ బంధాలు మొదటినుంచీ మెట్టుమెట్టుగా పెరుగుతాయి, మధ్యలో దూరితే సగం రుచి పోతుంది. ప్రేమకథ పాలు మెర్సీకన్నా ఎక్కువ, యుద్ధాలు, రక్తం కూడా ఎక్కువే.

నైట్ వాచ్: తప్పొప్పుల లెక్క తేలని కథ

రష్యన్ రచయిత సెర్గీ లుక్యనెంకో 1998లో రాసిన నవల, మాస్కోలో జరుగుతుంది. అతీంద్రియ శక్తులున్నవాళ్లని 'అదర్స్' అంటారు, వాళ్లలో వెలుగువైపువాళ్లు, చీకటివైపువాళ్లు. ఇద్దరి మధ్యా పాత ఒప్పందం ఉంది. వెలుగువాళ్ల నైట్ వాచ్ చీకటివాళ్ల మీద, చీకటివాళ్ల డే వాచ్ వెలుగువాళ్ల మీద నిఘా పెడతాయి.

అసలు మెలిక ఎక్కడుందంటే, వెలుగువాడు మ్యాజిక్‌తో ఒక మంచి పని చేస్తే, అదే స్థాయిలో చెడు చేసే హక్కు చీకటివాడికి వస్తుంది. అంటే ఒక రోగిని నయం చెయ్యాలన్నా ఆలోచించాలి. వ్యాంపైర్లకి మనుషుల్ని వేటాడే లైసెన్సులు ఇస్తారు, ఆ వ్యవస్థని భరిస్తున్నవాళ్లలో మంచివాళ్లు కూడా ఉన్నారు. ఆంటన్ గొరొడెట్స్కీ ఆఫీసులో ప్రోగ్రామర్, ఫీల్డ్ డ్యూటీకి కొత్త. మెట్రోలో ఒక అమ్మాయి తల మీద నల్లటి సుడి తిరుగుతూ కనిపిస్తుంది, ఎవరో పెట్టిన శాపం అది, అంత పెద్దది అతనెప్పుడూ చూడలేదు. కాపాడాలంటే దొరికే దారులన్నీ ఒప్పందంలోంచే వెళ్లాలి. నేను చదివిన ఈ జానర్ పుస్తకాల్లో మ్యాజిక్‌కి ఇంత క్రూరమైన మూల్యం పెట్టినది ఇంకోటి లేదు.

ఒక్కో పుస్తకంలో మూడు పెద్ద కథలుంటాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ సాగుతాయి. వాదనలు ఎక్కువ, నడక నిదానం, ఆడపాత్రలు బలహీనం. ఫైటింగ్ కోసం చదివేవాళ్లు నిరాశపడతారు. 2004లో వచ్చిన సినిమా చూసినవాళ్లు కూడా చదవొచ్చు, నవల నడక వేరు.

ఒకటి రెండు పుస్తకాలతో అయిపోయేవి

జెన్ చో రాసిన 'బ్లాక్ వాటర్ సిస్టర్' 2021 నాటి విడి నవల. జెస్ అనే అమ్మాయి చదువు అయిపోయి, ఉద్యోగం లేక, అమ్మానాన్నలతో అమెరికా నుంచి మలేషియాలోని పెనాంగ్‌కి తిరిగొస్తుంది. చనిపోయిన అమ్మమ్మ గొంతు తలలో వినపడటం మొదలవుతుంది. అమ్మమ్మ బతికున్నప్పుడు ఒక దేవత పూనేది, ఆ గుడి చుట్టూ ఇప్పుడో రియల్ ఎస్టేట్ గొడవ నడుస్తోంది. జెస్‌కి తన ప్రియురాలి సంగతి ఇంట్లో చెప్పే ధైర్యం లేదు, అమ్మమ్మ దగ్గర మాత్రం ఏదీ దాచడం కుదరదు, ఎందుకంటే ఆవిడ తలలోనే కూర్చుంది! పెద్దవాళ్ల మొండితనం, ప్రేమ, దబాయింపు మూడూ కలిసిన ఆ అమ్మమ్మ మాటలు చదివితీరాలి. స్థానిక యాసని వివరణ లేకుండానే వాడారు, సందర్భాన్ని బట్టి అర్థమవుతుంది. కొన్ని చోట్ల హింస తీవ్రంగా ఉంటుంది, దేవత కథ సుఖమైనది కాదు. విడి నవలల్లో నా మొదటి ఓటు దీనికే.

ఎన్.కె. జెమిసిన్ 'ద సిటీ వుయ్ బికేమ్' 2020లో, దాని రెండో భాగం 2022లో వచ్చాయి, కథ అక్కడితో సరి. న్యూయార్క్ నగరం ప్రాణం పోసుకుని మనుషుల్లోకి దిగుతుంది, ఐదు భాగాలకీ ఐదుగురు. ఆలోచన గొప్పది, కోపం నిజమైనది. మూడు భాగాలు అనుకున్నది రెండుకి కుదించడంతో ముగింపు తొందరపడినట్టుంటుంది.

ఎమ్మా బుల్ 'వార్ ఫర్ ది ఓక్స్' 1987 నాటిది. మినియాపొలిస్‌లో రాక్ బ్యాండ్ పెట్టుకున్న గాయనిని ఫే రాజ్యాల యుద్ధంలోకి లాగుతారు. ఈ జానర్‌కి దారివేసిన పుస్తకాల్లో ఒకటి. బట్టల వర్ణన, సంగీతం ఆ కాలానివి, అది ఇష్టపడితే చాలా ఇష్టపడతారు.

ఒకచోట పెట్టి చూస్తే

| పుస్తకం | ఊరు | జనానికి తెలుసా | నవలలు | ప్రేమకథ | మొదలెట్టాల్సింది |
|---|---|---|---|---|---|
| డ్రెస్డెన్ ఫైల్స్ | షికాగో | తెలియదు, నమ్మరు | 2020కి 17, ఇంకా ఉంది | తక్కువ | 1 లేదా 3 |
| రివర్స్ ఆఫ్ లండన్ | లండన్ | పైవాళ్లకి తెలుసు | 2025కి 10, ఏడు దగ్గర ఆగొచ్చు | తక్కువ | 1 |
| మెర్సీ థాంప్సన్ | ట్రై సిటీస్ | సగం తెలుసు | 2024కి 14, ఎక్కడైనా ఆగొచ్చు | మధ్యస్థం | 1 |
| కేట్ డేనియల్స్ | అట్లాంటా | అందరికీ తెలుసు | 10, ముగిసింది | ఎక్కువ | 1, మూడు దాకా చదివి చూడాలి |
| నైట్ వాచ్ | మాస్కో | తెలియదు | ఇంగ్లీషులో 6 | తక్కువ | 1 |
| బ్లాక్ వాటర్ సిస్టర్ | పెనాంగ్ | నమ్మేవాళ్లకి తెలుసు | 1 | కొద్దిగా | అదే |

మరి మీకేది?

డిటెక్టివ్ కథలు ఇష్టమైనవాళ్లు డ్రెస్డెన్‌కీ, రివర్స్ ఆఫ్ లండన్‌కీ మధ్య కొట్టుకుంటారు. రెండిట్లోనూ కేసు ఉంది, గొంతు ఉంది, ఊరు ఉంది. తేడా ఎక్కడంటే హ్యారీ వ్యవస్థ బయట ఒంటరి, పీటర్ వ్యవస్థ లోపల ఉద్యోగి. హ్యారీకి ప్రతిసారీ ప్రాణాపాయం పెరుగుతూ పోతుంది, పీటర్‌కి ఫైళ్లు పెరుగుతాయి. రాత్రి నిద్ర మానుకుని చదవాలంటే హ్యారీ, రోజుకో అధ్యాయం చొప్పున ఊరంతా తిరిగినట్టు చదవాలంటే పీటర్. ఆడపాత్రల్ని చూసే తీరు ముఖ్యమనుకునేవాళ్లు సందేహం లేకుండా పీటర్ దగ్గరికే వెళ్లండి.

ప్రేమకథ కూడా కావాలంటే, ముగింపు దాకా ఒక జంటతో ఉండాలంటే కేట్. రొమాన్స్ మీద అంత మోజు లేదు గానీ ఉంటే అభ్యంతరం లేదనుకుంటే మెర్సీ. లైంగిక హింస చదవలేనివాళ్లకి మెర్సీ బదులు కేట్‌ని చెప్తాను, అయితే కేట్‌లో యుద్ధ హింస దండిగా ఉంటుందని గుర్తుంచుకోండి.

ఫాంటసీ అంటేనే పిల్లల కథలని కొట్టిపారేసే స్నేహితుడెవరైనా ఉంటే అతని చేతిలో నైట్ వాచ్ పెట్టండి. ఫాంటసీ కొత్త, ఒక్క పుస్తకంతో తేల్చుకుంటానంటే బ్లాక్ వాటర్ సిస్టర్. టీనేజ్ పిల్లల కోసం అడిగేవాళ్లకి పై జాబితాలో దేన్నీ కళ్లు మూసుకుని ఇవ్వమని చెప్పలేను, ఇవన్నీ పెద్దల కోసం రాసినవే, ముందు మీరు చదివి ఇవ్వండి.

చదివే టైము లేక వింటానంటే రెండు సిరీస్‌లు ముందుంటాయి. రివర్స్ ఆఫ్ లండన్‌ని కోబ్నా హోల్డ్‌బ్రూక్-స్మిత్ చదివిన తీరు అద్భుతం, ఒక్కో నది దేవతకి ఒక్కో యాస ఇస్తాడు, పుస్తకంలో కష్టపెట్టిన పోలీసు మాటలు చెవికి తేలిగ్గా ఎక్కుతాయి. డ్రెస్డెన్‌ని జేమ్స్ మార్స్టర్స్ చదివాడు, సిరీస్ ముదిరేకొద్దీ అతని గొంతూ ముదురుతుంది. పదమూడోది 'ఘోస్ట్ స్టోరీ' మొదట వేరే నటుడితో చదివించారు, తర్వాత మార్స్టర్స్‌తో మళ్లీ రికార్డు చేయించారు, కొనేముందు ఎవరి పేరుందో చూసుకోండి, పన్నెండు పుస్తకాలు ఒకే గొంతు విన్నాక అక్కడ హఠాత్తుగా మారితే హ్యారీ వేరే మనిషైపోయినట్టుంటుంది.